పవర్ లేని అద్దాలు

రెండో ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి
బ్రాడ్వే బస్టాండు వెనక
మూసేసిన బ్యాంకు మెట్ల మీద
ట్రంకుపెట్టె తెరుస్తాం.
లోపల మూడొందల కళ్ళజోళ్ళు.
ఎవరివో. అడయారులో, అన్నానగర్లో
సొరుగులు ఖాళీ చేసినవాళ్ళు పంపినవి.
కొన్నింటికి ఇంకా ముక్కుల జిడ్డు ఉంటుంది.
ఒకదాని విరిగిన కాడకి
దారం చుట్టి చుట్టి కట్టి ఉంది,
పాపం, ఎవరో ఓపికమంతులు.

నాది చిన్న పని.
వారమంతా రతన్ బజార్లో అద్దాలు అరగదీస్తాను.
ఇక్కడ అక్షరాల అట్ట పట్టుకుని నిలబడతాను.
అట్ట మీద తమిళముంది, తెలుగుంది, హిందీ ఉంది.
ఏదీ రానివాళ్ళకి
నాలుగు దిక్కులకీ తిరిగిన మూడు కాళ్ళ గుర్తులున్నాయి.
కాళ్ళు ఎటున్నాయో వేలితో చూపమంటాను.

ముందు ఇడ్లీ పొట్లాలు అయిపోతాయి.
ఆకలి కూర్చున్నాకే కదా
చూపు గుర్తొచ్చేది.
నూట ఇరవై తెచ్చాం, నూట నలభై మంది వచ్చారు.
మిగిలిన ఇరవై మందీ మమ్మల్ని ఏమీ అనలేదు.
ఆ అనకపోవడమే
గదికి పోయాక అన్నంలో రాయిలా
పంటికి తగులుతుంది.

ఏకాంబరం, ఒకప్పుడు రిక్షా తొక్కిన మనిషి,
నాలుగు జోళ్ళు పెట్టి తీసి
ఏదైనా ఒకటేనన్నాడు. పొరలు.
ఎగ్మూరు ఆసుపత్రికి చీటీ రాస్తుంటే
చిరునామా గడి దగ్గర కలం ఆగింది.
"ఏటీఎం పక్కన అని రాయి సార్,
రెండో ఏటీఎం.
మొదటిదాని వాచ్‌మన్ మంచోడు కాదు."

దావీదుకి చూపు దివ్యంగా ఉంది.
మలుపులో బస్సు నంబరు
నాకన్నా ముందు చదివాడు.
అయినా జోడు కావాలంటాడు.
ఎందుకంటే తల గోక్కుంటాడు.
మరీ అడిగితే,
"జోడు పెట్టుకున్నోణ్ణి పోలీసు
లాఠీతో లేపడు సార్, నోటితో లేపుతాడు."
మా రిజిస్టర్లో అలాంటి జబ్బు లేదు.
కారణం గడిలో ‘దగ్గరి చూపు’ అని రాసి
పవర్ లేని అద్దాలిచ్చాను.
సెల్వనాయకి మేడం చూసింది.
చూడనట్టు
ఫ్లాస్కు మూత గట్టిగా బిగించింది.

దాత ఒకాయన కారు దిగి
బ్యానరు కట్టించి అందర్నీ నవ్వమన్నాడు.
కొత్త అద్దాల మీద ఫ్లాషు పడి
ఆ ఫోటోలో ఒక్కరికీ కళ్ళు లేవు.

చివర్న పెంచలమ్మ.
గూడూరు బండి దిగి
దిగినచోటే ఉండిపోయిన మనిషి.
కొత్తవాల్ చావడిలో గోనెసంచులు కుడుతుంది.
"దబ్బనానికి కళ్ళక్కర్లే, వేళ్ళే చూస్తాయి.
సూదితోనే వచ్చింది తంటా."
అట్ట వద్దంది.
కొంగుముడి విప్పి సూదీ దారం తీసింది.
ప్లస్ రెండు పెట్టాను. దారం పక్కనించి పోయింది.
రెండున్నర. బెజ్జం అంచుకి తగిలి వంగింది.
మూడు.
సిగ్నలు పచ్చగా మారేలోపల
దూరిపోయింది.

దండం పెడుతుందేమో, వద్దనాలని
చేతులు సిద్ధం చేసుకున్నాను.
ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.
"ఏందయ్యా, గుండీ ఊడి వేలాడతా ఉంటే
అట్నే తిరగతా ఉండావు,
చెప్పేవాళ్ళు లేరా?"
ట్రిప్లికేన్ మాన్షన్లో ఒకే గదిలో నలుగురం.
ఎవరూ చెప్పలేదు.
నిలబెట్టే కుట్టింది.
దారం పళ్ళతో కొరికింది.
నల్లదారం. నా చొక్కా తెల్లది.

పెట్టె మూసి ఆటో ఎక్కుతుంటే
షట్టర్ల కింద వరసగా పడుకున్నవాళ్ళలో
దావీదు కనిపించాడు.
దుప్పటి మెడదాకా లాక్కుని
వెల్లకిలా, కదలకుండా,
జోడు పెట్టుకునే నిద్రపోతున్నాడు.