మూడో ఊపు

మెనిండీ దాటగానే తారు అయిపోతుంది.
ఆ తర్వాత రోడ్డు,
ఎవరో గోదాము కప్పు రేకులు ఊడబీకి
నేలంతా పరిచిపోయినట్టుంటుంది:
ఎర్రగా, అడ్డంగా, ముడత పక్కన ముడత.

ప్రతి గురువారం ఆ ముడతల మీద
నేను జనం నెత్తురు మోసుకొస్తాను.
నలభై మూడు చిన్న గొట్టాలు, మంచు పలకల పక్కన.
సాయంత్రం నాలుగు లోపు
బ్రోకెన్ హిల్ లాబ్‌లో దించాలి.
వ్యాను నాదే, కాంట్రాక్టు నాదే, బిల్లూ నాదే.

నలభైలో పళ్ళు రాలగొట్టే రోడ్డే
ఎనభైలో పట్టుబట్ట.
అందుకని ఎనభైలోనే పోయేదాన్ని.

ఆ వారం లాబ్ నుంచి నైరీ ఫోను:
"ఏడు పనికిరావు, హైమా.
కణాలు పగిలి పైనీరంతా గులాబీ రంగు."
ఆ ఏడింట్లో ఒకటి
గొర్రెల బొచ్చు కత్తిరించి ముసలైపోయిన ఒకాయనది.
నరం దొరక్క నర్సు నాలుగు చోట్ల పొడిచింది.
ఆయన కిటికీ వైపు తిరిగి
వాన సంగతి మాట్లాడుతూ కూర్చున్నాడు.
మళ్ళీ పొడవాలి.

లెస్ పెంగెల్లీ షెడ్డులో ఫ్యాను తప్ప ఏదీ తొందరపడదు.
వ్యాను వెనక మూల రెండు చేతులా నొక్కి వదిలాడు.
లేచింది, దిగింది. లేచింది, దిగింది.
మళ్ళీ లేచింది, పిలవని పేరంటానికి వచ్చినట్టు.
"ఒకసారి లేచి ఆగిపోవాలి" అన్నాడు,
"ఆ మూడో ఊపు,
రోడ్డింకా నీ బండి దిగలేదని."

చక్రం సందులోంచి బయటికి తీసిన చెయ్యి
ఆవకాయ జాడీ అడుగు తుడిచినట్టుంది:
కారిన నూనె, దానికి పట్టిన ఎర్రమట్టి.

స్ప్రింగుకి మరుపు లేదట.
ఎంత తింటే అంతా తిరిగి ఇచ్చేస్తుంది.
పక్కనున్న ఈ గొట్టమే
దాని ఊపు మింగి, వేడి చేసి, గాలికి వదిలేది.
ఇది చచ్చిందంటే చక్రం నేలమీద నిలవదు,
ముడత నెత్తి నుంచి ముడత నెత్తికి గెంతుతుంది.

"ఎనభైలో ఎంత మెత్తగా పోతుందో తెలుసా!" అన్నాను.
"నేలకి ఆనకపోతే మెత్తగానే ఉంటుంది."

అప్పుడు గుర్తొచ్చింది ఎండు చెరువు దగ్గర వంపు.
స్టీరింగు పలచటి మజ్జిగలో గరిటెలా తిరిగింది.
నేను కుడికి చూస్తుంటే
వ్యాను వెనకభాగం తన దారి తాను చూసుకుంది.
బ్రేకు తొక్కితే ముక్కు వంచి
వెనక ఇంకా తేలికైపోయింది.
ఆ రోజు గాలిని తిట్టాను, టైర్లమ్మిన వాణ్ణి తిట్టాను,
ఆ మెత్తదనాన్ని మాత్రం అనుమానించలేదు.

లెస్‌కి అన్నిటికీ ఒకటే మాట, బంప్.
మాకలా కాదని చెప్పాను:
రోడ్డుది గతుకు, బండిది కుదుపు, ఒంటిది అదురు.
"మరి నెత్తురుది?" అన్నాడు నట్టు తిప్పుతూ.
దానికి మాట లేదు నా దగ్గర.

మరుసటి గురువారం, కొత్త గొట్టాలు నాలుగు, అరవైలో.
ఒక్కొక్క ముడతా నా నడుముకి లెక్క అప్పజెప్పింది.
సుఖం లేదు.
వంపులో కాస్త ఒరిగి, నిలదొక్కుకుని,
తిప్పినంతే తిరిగింది.

పశువుల లారీ ఒకటి దుమ్ము కప్పి పోయాక
పక్కకి ఆపి, కిందకి వంగి
వెనక గొట్టం మీద వేలు పెట్టాను.
చుర్రుమంది.
వేలు నోట్లో పెట్టుకుని పెట్టె మూత తీశాను.
ముసలాయనది రెండో వరసలో ఉంది,
పసుపు మూత, వంకర చేతిరాత.
కదపకుండా మూసేశాను.
రెండూ నలభై అయింది.