ఐదు చుక్కలు

నలభై ఏళ్ళు ఊరి నోళ్ళు చూశాను.
ఇప్పుడు అదే బుల్లి అద్దంతో, అదే కొక్కెపు సూదితో
పాత పతకాల సందుల్లో మట్టి తీస్తుంటాను.
రెండూ ఒకటే పని అంటే మా ఆవిడ ఒప్పుకోదు.
పతకాలు అరవవు కదా, అంటుంది.

మొన్న సోమవారం క్వెటూషె తెచ్చింది,
చక్కెర దుంపల చేలో నాగలి పైకి తీసిన ముక్క.
రుమాల్లో చుట్టి,
ఊడిన పాలపన్ను తెచ్చినట్టు.
బొటనవేలి గోరంత, కోలగా,
మొరావా ఒడ్డు బురద ఇంకా వదల్లేదు.
"ఎవరండీ ఈయన?"

ముఖం చూడకూడదు ముందు.
అరిగాక అందరి ముఖమూ ఒకటే.
చెవి చూడాలి.
దారం దూర్చే చెవి పతకానికి అడ్డం తిరిగి ఉంటే
మూడొందల ఏళ్ళ నాటిది కావచ్చు.
బిళ్ళకి కన్నం పొడిచి విడి రింగు తగిలిస్తే
మన తాతల నాటి అచ్చు.
చేతికి బరువే తెలియకపోతే అల్యూమినియం,
తొలి సత్ప్రసాదం నాడు పిల్లలకి పంచేది,
వాటిని నేను చాక్లెట్ డబ్బాలో పడేస్తాను.

ఇది అడ్డచెవి. ఇత్తడి.
అంచున ఆర్, ఓ, ఇంకేదో,
రోము అయ్యుండాలి, లేదా అవ్వాలని నా ఆశ.

ఆ తర్వాత చేతులు.
పట్టుకున్నదే పేరు:
చక్రముంటే కాతరీన, బురుజుంటే బార్బరా,
కుక్క రొట్టె తెస్తుంటే రోకు.
ఈయన చేతిలో పొడుగ్గా ఏదో కాడ.
లిల్లీ అనుకున్నాను.
"పునీత అంతోని," అన్నాను గట్టిగా,
"పోయినవి దొరికించే ఆయన."
"తనే పోయి దొరికాడే!" అని నవ్వింది.

పంపేముందు, అలవాటు ప్రాణం తీస్తుంది,
మెత్తని మైనంలో రెండు వైపులా కరిపించి
ఆ అచ్చు ఉంచుకున్నాను.

గురువారం రాత్రి నిద్ర పట్టలేదు.
దీపం పక్కకి వంచి మైనం చూశాను.
తల చుట్టూ గుంటలు.
పంట్లో గుంట అంటే పుచ్చు,
మైనంలో గుంట అంటే అవతల ఒక చుక్క.
లెక్కపెట్టాను. ఐదు.
పొడుగు కాడ లిల్లీ కాదు, తాటాకు.
రెండో చెయ్యి పెదవుల మీద వేలు పెట్టింది.
వెనకవైపు మంట అనుకున్నది మంట కాదు.
నలభై ఏళ్ళు నాలుకని పక్కకి నెట్టి పనిచేసినవాణ్ణి,
నాలుకని గుర్తుపట్టలేకపోయాను.

యాన్ నెపొముక్.
రాణి చెవిలో చెప్పుకున్నది రాజుకి చెప్పనన్నాడని
వంతెన మీంచి నీళ్ళలోకి తోశారు.
నీళ్ళ మీద ఐదు చుక్కలు పొడిచాయంటారు.
ఏళ్ళకేళ్ళు గడిచినా నాలుక మాత్రం మట్టి కాలేదంటారు.
ఆ మాట వైద్యుడిగా నమ్మను.
మిగతా ఎలాగైనా నమ్మవచ్చు.

శుక్రవారం మొదటి బస్సెక్కాను.

క్వెటూషె గుమ్మంలోనే ఉంది, మెడలో తళతళా పతకం.
"పేస్టు పెట్టి తోమానండీ, రోజుకి రెండుసార్లు,
చిన్నప్పుడు మీరేగా నేర్పింది."
చేతిలోకి తీసుకున్నాను.
చుక్కల్లేవు. వేలు లేదు. నాలుక లేదు.
కొత్త చెంచా వెనకలా నా ముక్కే కనబడింది.

"మీరన్న అంతోని గొప్పోడండీ," అంది.
"మంగళవారం నేలమాళిగ తాళంచెవి దొరికింది.
నిన్న మా అన్న ఒతకార్ ఫోన్ చేశాడు,
పొలం గొడవయ్యాక పదకొండేళ్ళకి.
ఏం మాట్లాడలేదనుకోండి, వాళ్ళ మేక ఈనిందని చెప్పాడు."

నోరు తెరిచాను.
రేగిపళ్ళ కేకు పెట్టింది.
నమిలాను.

ఇంటికొచ్చి మైనాన్ని రోగుల కార్డుల సొరుగులో పెట్టాను.
కార్డు మీద రాశాను:
పైవరస, ఐదు గుంటలు. చికిత్స అక్కర్లేదు.
పేరు రాసే చోట
పెన్ను కాసేపు ఆనించి తీశాను.
సిరా మరక పడింది, అంతే.