నీళ్ల పాయింటు

నలభై ఏండ్లు వేపపుల్ల పట్టుకొని
కళ్యాణదుర్గం చుట్టూ చేన్లన్నీ తిరిగినా.
పుల్ల యాడ వంగితే ఆడ బోరు.
నీళ్లు పడినోళ్లు టవలు కప్పినారు,
పడనోళ్లు ఇప్పటికీ నన్ను చూస్తే దావ మారుస్తారు.

ఈ ఏడు మాఘంలో
నీళ్లు నా కాళ్లలోనే పడినాయి.
చెప్పులు ఎక్కల్యా.
డాక్టరమ్మ చీలమండ మీద బొటనవేలు అదిమి తీస్తే
గుంత అట్లే నిలిచింది,
తడి రేగడిలో ఎద్దు గిట్ట మాదిరి.
"గుండె అలిసింది తిప్పేరుద్రా,
తోడాల్సినంత తోడలేకుండా ఉంది."
తెల్లటి చిన్న మాత్ర రాసింది, పొద్దున ఒకటే.
రాత్రి మింగితే నిద్రంతా దొడ్డిదావేనని నవ్వింది.

వానల్లేని సీమలో నీళ్లు పోగొట్టే మాత్ర!
మా హనుమక్క ముక్కు మీద వేలేసుకునింది.

వారానికి వాపు దిగింది.
చైత్రంలో మళ్లీ రవ్వంత ఉబ్బితే
దీనికి ఆస్పత్రి దాకా ఏంటికని
నేనే రెండు వేసినా. మర్నాడు మూడు.
పడకపోతే ఇంకో నూరడుగులు దించండి అనేది
నా నోటికి అలవాటైన మాటే కదా.

ఎండ నలభై రెండు.
పిక్కలు మెలిపెట్టి, నాలుక పిడచగట్టి,
కల్లం కాడ లేవబోతే
నేల లేచొచ్చి మొగానికి తగిలింది.

రక్తం తీసి చూసినారు. ఒంట్లో ఉప్పులు పడిపోయినాయంట.
డాక్టరమ్మ కోప్పడల్యా. కుర్చీ లాక్కొని అడిగింది:
"మీ ఊర్లో ఎన్ని బోర్లు దుమ్ము కక్కినాయి?"
లెక్క చెప్పలేకపోయినా.
కొన్ని నేను చూపించినవే.

ఇప్పుడు పొద్దున లేస్తానే, నోట్లో ఏం పడకముందే
సెనక్కాయల తూకం మీద నిలబడతా.
గోడ మీద బొగ్గుతో రాస్తా.
అరవై ఒకటి. అరవై ఒకటి. అరవై ఒకటిన్నర.
రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోను చేయాల.
వాంతులో విరేచనాలో పట్టుకున్నా మింగేముందు అడగాల.
నెలకోసారి రక్తం చూపించాల.
ఊరగాయ మానమనింది.
ఒక బద్ద, హనుమక్క చూడకుండా.

నిన్న పక్కింటి కుళ్లాయమ్మ పాదాలు చాపి కూర్చునింది.
"నీ అట్టలోంచి ఓ నాలుగు ఇయ్యన్నా" అని.
చూసినా. నిలబడి వాచినాయో, గుండెదో, మూత్రపిండాలదో
పుల్లను అడిగి చెప్పేది గాదు.
ఇయ్యనన్నా. మొగం మాడ్చుకునింది.

ఈపొద్దు ఎనిమిదిన్నర బస్సుకు ఇద్దరం ఎక్కినాం.
వంతెన కింద పెన్న, అంతా ఇసుకే.
అది దాటేదాకా
ఏంటికో మరి, ఇద్దరమూ
కాళ్లు సీటు మీదికి లాక్కొని కూర్చున్నాం.