లాంచీ ఆలస్యమైన రోజున

నోయెమీ, ఇదిగో తాళంచెవి.
తలుపు కాస్త పైకెత్తి తిప్పాలి, లేకుంటే అలుగుతుంది.
కట్టెలు తడిసిపోతే పొయ్యిలోకి పాత హాజరుపట్టీలు వాడు,
నేను వాడాను, ఎవరికీ చెప్పకు.
సుద్దముక్కలు నాలుగు పెట్టెలు. గ్లోబు ఒకటి,
పసిఫిక్ మహాసముద్రం దగ్గర సొట్ట.

ఇవన్నీ అప్పగింత కాగితంలో ఉన్నాయి.
లేనివి ఇప్పుడు చెబుతాను.

చిలోయే దీవిలో లాంచీకి గడియారం తెలియదు.
మూడున్నరకి రావాల్సింది
గాలి ఒప్పుకున్నప్పుడు వస్తుంది.
అప్పటికే పుస్తకాలు సంచుల్లోకి పోయుంటాయి,
ఉన్ని టోపీలు చెవుల మీదికి దిగుంటాయి,
తొమ్మిదిమంది పిల్లలు తొమ్మిది దిక్కులు.
గొంతు పెంచకు.
ఇక్కడ గొంతు పెంచితే సముద్రమే గెలుస్తుంది.

అరచేతులు రుద్దు. అంతే. ఏమీ చెప్పకుండా రుద్దు.
ముందు యస్నా చూస్తుంది, అది అన్నీ చూస్తుంది.
తర్వాత దాని పక్కవాడు.
ఆ గరగర గది చుట్టూ తిరిగొచ్చాక చిటికెలు,
ఆపైన తొడల మీద దరువు, ఆఖర్న కాళ్లు.
తుంపర, చినుకులు, జడివాన, ఉరుము.
మళ్లీ వెనక్కి
కాళ్ల నుంచి చేతులకి, చేతుల నుంచి నిశ్శబ్దానికి.
"మన వాన ఆగింది టీచర్, పైదానికి ఎవరు చెబుతారు?"
అని రేకుల కప్పు వైపు వేలు చూపించాడు ఒకసారి బాస్తియాన్.
నవ్వు దాచుకోలేక పొయ్యి వైపు తిరిగాను.

రెండోదానికి మాటలక్కర్లేదు.
పుట్టినరోజుల వరసలో నిలబడమను, పెదవి విప్పొద్దను.
వేళ్లతో నెలలు చెప్పుకుంటారు.
తొమాస్ ఒక్కడే కొవ్వొత్తులు ఊదినట్టు బుగ్గలు పూరించి
ఎక్కడ పడితే అక్కడ దూరుతాడు.
రిజిస్టరులో వాడికో తేదీ ఉంది.
వాళ్లమ్మమ్మ మాత్రం దుంపలు తవ్విన వారం అంటుంది.
మేం ఆవిడ మాటే తీసుకున్నాం.

బల్ల మీద ఏడు వస్తువులు, పైన శాలువా,
ఒకటి మాయం చేసి ఏది పోయిందో చెప్పమనే ఆట నీకు తెలిసిందే.
నీ కళ్లజోడు మాత్రం ఆ ఏడింట్లో పెట్టకు.
లాంచీ వెళ్లాక కూడా వెతుక్కున్నాను.

మార్చిలో ఇన్‌స్పెక్టర్ వస్తాడు.
ఆయన కాగితంలో ఒక గడి, ఈ ఆట లక్ష్యం ఏమిటని.
"వినడం" అని రాయి. అబద్ధం కాదు.
"లాంచీ వచ్చేదాకా ఎవరూ ఏడవకుండా ఉండటం"
అని రాస్తే నాకు తిప్పి పంపారు.

ఇక లెక్క ఆట.
అందరూ కళ్లు మూసుకోవాలి.
ఒకటి నుంచి పదకొండు దాకా
ఎవరో ఒకరు ఒక్కో అంకె చెప్పాలి.
సైగలు లేవు, వరస లేదు.
ఇద్దరి నోట ఒకేసారి వస్తే మళ్లీ ఒకటి.
మూడు దాకా సులువు, ఐదు దగ్గర తొక్కిసలాట,
కొన్ని వారాలు అసలు ఆరు దాటం.

పదకొండెందుకంటావా? అప్పుడు పదకొండుమంది.
ఎలిసెయో, వాడి చెల్లి
సాల్మన్ చేపల ఫ్యాక్టరీ ఉన్న ఊరికి పోయారు, ఏప్రిల్‌లో.
ఎనిమిది ఎప్పుడూ వాడిదే.
ఆత్రం లేదు, గొంతు సవరించుకుని
పంచాయితీ తీర్చే పెద్దమనిషిలా అనేవాడు.
ఇప్పటికీ ఏడు తర్వాత ఎవరూ నోరు తెరవరు.
ఒక ఊపిరి పడుతుంది. పొయ్యిలో కట్టె చిటపటమంటుంది.
అప్పుడెవరో తొమ్మిది అంటారు.
నేను పెట్టిన నియమం కాదది.
తప్పని దిద్దకు.

నువ్వు కుర్చీలో ఉండిపోకు, వాళ్ల మధ్య నేల మీద కూర్చో.
కళ్లు మూసుకో, ఏ అంకె నోటికొస్తే అది అను,
ఎనిమిది తప్ప,
కొన్నాళ్లు.

అదుగో హారన్.
కాదులే, గాలి.
ఇంకో ఆటకి టైముంది.