మూడో ఫీడరు

మా ఫ్రిజ్జులో ఐసు అర
అరచెయ్యెత్తు ఉంటుంది, అంతే.
కోనెం ముక్కల సంచి పక్కకి జరిపి
మిగిలిన చోట పాలు పడుకోబెట్టాను,
చదునుగా, పలకల్లా.
సంచి నిండా పొయ్యకూడదట,
గడ్డకట్టేటప్పుడు పాలు ఒళ్ళు విరుచుకుంటాయని
కవిటి ఆస్పత్రిలో నర్సమ్మ చెప్పింది.

ఒక్కోదాని మీదా తేదీ, వేళ.
"పాలకి జాతకం రాత్తన్నావేటే"
అంది మా అత్త దాలమ్మ.
ఆవిడకి అంకెలు రావు.
అందుకని పాతవాటికి ఎర్ర రబ్బరు, కొత్తవాటికి పచ్చ.
ముందు ఎర్రవే తియ్యాలి.
పొయ్యి మీద కాదు, గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో.
ఒకసారి కరిగినవి మళ్ళీ గడ్డకట్టించకూడదు.
అన్నీ ఒప్పుకుంది, ఒక్కటి తప్ప.
"మిగిల్తే తూములో పారబొయ్యాలేటి?
కాలు పడితే పాలెండిపోతాయి.
మా రోజుల్లో మొక్క మొదట్లో పిండీవోళ్ళం."

మొదటి వారం పాలు పనసతొన రంగు.
పోను పోను తెలుపు, పైన సన్నటి మీగడ గీత.
ఓ రోజు కరిగించినవి సబ్బు వాసనేశాయి.
నేను భయపడ్డాను.
నా గుంట మొహం ముడిచి,
కాసేపు ఆలోచించి, తాగీసింది.

నా ఉద్యోగం సబ్‌స్టేషన్లో.
మూడు ఫీడర్లు, ఒక కుర్చీ, ఒక ఫోను, ఒక పెద్ద పుస్తకం.
మా దగ్గర ఎర్రదీపమంటే కరెంటు ఉందని,
పచ్చదీపమంటే లేదని.
రబ్బర్లు కొన్ననాడు నాకిది తట్టలేదు.

తుఫాను రాత్రి
గాలి తలుపు తట్టడం మానేసి తొయ్యడం మొదలెట్టింది.
ఒకటో ఫీడరు దానంతటదే పడిపోయింది.
రెండోది రెండుసార్లు లేచి పడింది.
ఒకటీ నలభైకి ఏఈ గారి ఫోను:
"మూడోది నువ్వే తీసీమ్మా,
బెజ్జిపుట్టుగ దారిలో తీగ నీళ్ళలో ఉందంట."

మూడోది మా ఊరు.
మా వీధి, మా మీటరు,
పద్నాలుగు సంచులు.

పిడి మీద చెయ్యి పెట్టి
ఎంతసేపున్నానో పుస్తకంలో రాయలేదు.
ఆ నీళ్ళలో ఎవరి పిల్లో అడుగెయ్యొచ్చు.
తిప్పాను.
టక్‌మంది. ఎరుపు పోయి పచ్చ వచ్చింది.
అప్పుడే జాకెట్టు రెండువైపులా తడిసింది.
ఆ చప్పుడులో ఏ ఏడుపు విన్నాయో ఇవి.

బ్యాటరీల మీద బతికే చిన్న బల్బు కింద,
ప్యానెల్ వెనక, చేతిపంపుతో పిండుకున్నాను.
స్టీలు ఫ్లాస్కు మూత బిగించి చీటీ అంటించాను:
ఒకటీ యాభై అయిదు.
ఐసు లేదు. ఐసు లేకపోతే నాలుగు గంటలు.

నా తర్వాతి డ్యూటీ వాడు అయిదింటికి,
నీళ్ళోడుతూ వచ్చాడు.
రెండు కిలోమీటర్లు.
పడ్డ కొబ్బరిచెట్ల మీదెక్కి, జీడికొమ్మల కింద దూరి,
ఫ్లాస్కు కొంగులో మూటగట్టి.

ఇంట్లో ఫ్రిజ్జు కనిపించలేదు.
బొంతలు, దుప్పట్లు, మావయ్య శాలువా,
వాటి చుట్టూ నులకతాడు.
"కరెంటు పోగానే ఒక ఎర్రది తీసి పట్టాను.
మరి ముట్నేదు.
నీ మొగుణ్ణి కూడా ముట్టనియ్నేదు, సలి ఎలిపోద్దని."

అయిదూ నలభై అయిదు.
పది నిమిషాలుంది, గిన్నె తే అత్తా, అన్నాను.
"నువ్వొచ్చీసినావు కదే పిచ్చిదానా,
ఇంక ఫ్లాస్కెందుకు?"
అప్పటికే గుంట నా మీదికి పాకి
దాని పని అది చూసుకుంటోంది.
గోడకి జారబడి నవ్వాను,
నవ్వుతుంటే పాలు దాని ముక్కు మీద పడ్డాయి.

రెండో రోజు సాయంత్రం తాడు విప్పాం.
కోనెం అప్పుడే పులుసు పెట్టి వీధికంతా పంచాం.
సంచులు మెత్తబడిపోయాయి.
అత్త పళ్ళెంలో పెట్టుకుని పెరట్లోకి నడిచింది.
చెట్టు లేచిపోయిన గోతిలో కొత్త కొబ్బరిమొక్క.
ఒక్కో రబ్బరూ తీసి చేతికి గాజుల్లా వేసుకుంటూ
ఒక్కో సంచీ వంచింది.
పదమూడు. ఫ్లాస్కుతో పద్నాలుగు.

నాలుగో రాత్రి మూడో ఫీడరు నేనే ఎక్కించాను.
ఎర్రదీపం. వేళ రాశాను.
నష్టం అన్న గడిలో స్తంభాలు ఎన్ని, తీగ ఎన్ని మీటర్లు,
అన్నీ నింపాను.
ఈపాటికి ఇంట్లో ఫ్రిజ్జు గురక మొదలెట్టుంటుంది,
ఐసు అర ఖాళీగా,
చేపవాసనతో.