అంచు మీద కూర్చునే పని

నా పని తవ్వడం కాదు.
గుంటకి రెండు బారల ఇవతల
గోనెపట్టా పరుచుకుని
మట్టిని చూస్తా ఉండడం.
దానికి సగం వాటా.
మొదట్లో కాలేషా నవ్వాడు,
"కూర్చున్నదానికి సగమా పెంచలక్కా!"

సైదాపురం దాటినాక
అబ్రకం కంపెనీ దొరల బంగళా వెనకమాల
మొండిగోడలు, సర్కారు తుమ్మ.
రెండడుగులు నడిస్తే చాలు
చీర కుచ్చిళ్లకి మెరుపు అంటుకుంటుంది,
ఎన్ని ఉతుకులకీ వదలదు.
దొరలు తాగి పారేసినవన్నీ అక్కడే ఉన్నాయి,
నడుంలోతు మట్టిలో:
గోలీసోడాలు, సిరాబుడ్లు,
మూత బిగుసుకుపోయిన మందుసీసాలు.

"నాలుగడుగులేగదక్కా, ఇదేమన్నా గనా?"

మా నాయన పోయిందీ గని అడుగున కాదు.
పైన, చెత్తరాయి పోసేచోట.
రొమ్ముదాకా పూడిపోయాడు.
తల బయటే ఉంది. మాట్లాడతానే ఉన్నాడు.
మట్టి నీళ్లలాంటిది కాదు,
ఊపిరి వదిలినప్పుడల్లా రవ్వంత బిగుస్తుంది,
బిగిసింది మళ్లీ వదలదు.
చుట్ట అడిగాడు.
నేను వెలిగించుకొచ్చేసరికి
అడిగినాయన లేడు.

అందుకని తవ్వినమట్టి అంచున పోయనివ్వను.
దూరంగా మొయ్యమంటాను,
నన్ను తిట్టుకుంటానే మోస్తాడు.
సీసా మెడ కనపడి ఎంత ఊరించినా సరే
గోడ కింద ఎలక తొలిచినట్టు తొలవనివ్వను,
పైనుంచి మెట్లు కోసుకుంటా దిగాల్సిందే.
వానపడితే మూడురోజులు ఇంట్లోనే.
మూత ఉన్న సీసా మూతతోనే ఉండాలి.
ఒకసారి నా మాట వినక వాసన చూశాడు,
పొద్దుగూకేదాకా వేపచెట్టు పట్టుకుని వాంతులు.
తోలు చేతిజోళ్లు గూడూరులో నేనే కొన్నాను,
అవి లేకుండా చెయ్యి పెట్టినరోజే
గాజుముక్క బొటనవేలిని ఎముకదాకా చూసొచ్చింది.

చలికాలంలో ఒక నీలం సీసా దొరికింది.
ఆరు పలకలు. మూడు పలకల నిండా
నిలువుగా గరుకు గీతలు.
అందానికనుకున్నాను.
కాదంట. చెన్నపట్నంలో కొనే సేటు చెప్పాడంట,
విషం పోసే సీసాలంట అవి.
దీపం లేని రాత్రి
మందనుకుని తడిమే చేతికి
నేను కాదు, నన్ను వదులు అని
తోలుతో మాట్లాడే గీతలంట.

ఏ దేశంలోనో, ఎవడో,
కొలిమి సెగలో కూర్చుని
తానెప్పుడూ చూడబోని చెయ్యి గురించి
అంత ఆలోచించాడు!
ఆ సీసా వాడిపారేసిన దొరలుగానీ
వాళ్ల తర్వాత గని కొన్న షావుకారుగానీ
మా నాయన నిలబడ్డచోట
ఒక్క గీత గియ్యలేదు.

మరుసటి మంగళవారం.
తూర్పు గోడలోంచి
చిల్లుపడ్డ సంచిలో చక్కెరలా
సన్నటి ధార.
అంతే. చప్పుడన్నా లేదు.
"పైకి రా."
"ఇంకొక్కటక్కా, మెడ దొరికింది."
రెండోసారి చెప్పలేదు నేను.
అతని నడుముకి కట్టిన తాడు లాగాను.
మోకాలు చెక్కుకుపోయింది, మా అమ్మని తిట్టాడు,
పైకొచ్చి బోర్లా పడ్డాడు.

రెండూపిర్లసేపు ఏమీ కాలేదు.
నన్ను చంపేసేట్టు చూశాడు.

అప్పుడు
ఎండలో అలిసిన గేదె కూలబడినట్టు
తూర్పు గోడ గుంటలో కూర్చుంది.

ఆ సీసా ఇప్పుడూ అక్కడే ఉంది.
మెడ ఆకుపచ్చంట, మంచి ధర పలికేదంట.
దాని మీదే మిగతా మట్టీ తోసేశాం,
మేకలు కాళ్లు విరగ్గొట్టుకోకుండా
ముళ్లకంప కప్పి వచ్చాం.
దారిపొడుగునా కాలేషా మాట్లాడలేదు.
మా గుడిసె ముందర ఆగి
ఆరోజు దొరికిన రెండు సిరాబుడ్లూ
నా ఒళ్లో పెట్టేసి పోయాడు.
సగమేగదరా అని పిలిచినా వెనక్కి చూడలేదు.

సిరాబుడ్లు అమ్మేశాను.
నీలంది అమ్మలేదు.
గూట్లో, అగ్గిపెట్టె పక్కన ఉంది.
కరెంటు పోయిన రాత్రుళ్లు తడుముకుంటా ఉంటే
ముందు అదే తగుల్తుంది వేళ్లకి,
గరుగ్గా.