పావంగుళం

గురువారం సాయంత్రాలు
చాపెల్ వెనక గదిలో తడి గొడుగుల వాసన.
పదకొండుమంది ఆడవాళ్లు, రిటైరైన ఒక పశువుల డాక్టరు,
పొడవాటి బల్ల మీద గుడ్డపీలికల గుట్ట.
"పావంగుళం," అంటుంది నెరిస్, కళ్లజోడు పైనుంచి చూస్తూ.
"కుట్టుకీ అంచుకీ మధ్య పావంగుళం.
వెంట్రుకవాసి తప్పినా
నక్షత్రం ముక్కు తెగుతుంది."

ఐల్వెన్ నక్షత్రాలకి ముక్కులుండవు.
మొదటిదానికి ఎనిమిది కొసల్లో మూడే మిగిలాయి.
రెండోదాన్ని బల్ల మీద పరిస్తే
నడుమ పూరీలా పొంగి కూర్చుంది.
విప్పింది. కుట్టింది. మళ్లీ విప్పింది.
కుట్టే సూదికన్నా
కుట్లు విప్పే కొక్కేనికే ఎక్కువ పని పడ్డ
చలికాలం అది.

ఇరవయ్యారేళ్లు బడి బస్సు నడిపిన మనిషి.
కార్డిగన్ అఖాతం పక్కన,
రెండు ముళ్లకంచెల మధ్య
ఒక్క బండే పట్టే దారిలో
ఎదురుగా పాల ట్యాంకరు వస్తే
అద్దం మడిచి, ఊపిరి బిగబట్టి,
గేటు స్తంభానికి బెత్తెడు దూరంలోంచి
బస్సుని వెనక్కి తీసుకెళ్లిన మనిషి.
అప్పుడెవరూ స్కేలు పెట్టి చూడలేదు.

మోకాళ్లు అరిగాక తాళాలు అప్పగించింది.
ఏదో ఒకటి చేస్తూండు, అన్నారందరూ
జబ్బుమనిషితో మాట్లాడే గొంతుతో.
కుండీల్లో మొక్కలు చచ్చాయి.
పాటల బృందంలో గొంతు కలవలేదు.
బొంత మిగిలింది.

ఫిబ్రవరిలో ఒక రాత్రి కరెంటు పోయింది.
గాలి పైకప్పు పలకల్ని ఒక్కొక్కటే తట్టి లెక్కపెడుతోంది.
కొవ్వొత్తి వెలుతురులో
స్కేలు మీది గీతలు ఆనడం లేదు.
కాసేపు చూసి
దాన్ని సొరుగులో పడేసి
కత్తెర తీసుకుంది.
డిపోవాళ్లు వెనక్కి అడగని బూడిదరంగు కోటు,
దాని వీపు మీద ఒక వంపు కోసింది.
చెయ్యి ఎటు తిరిగితే అటు.
పాత దుప్పటి నీలంలో
ఆ వంపుని ఒరుసుకుంటూ ఇంకో వంపు.
కొసలు కలవలేదన్న దిగులు లేదు,
కొసలే లేవు కదా.

తెల్లారి చూసుకుంటే
అంతా బూడిద, నీలం, మళ్లీ బూడిద.
వాన పడే కిటికీలా బాగానే ఉంది.
చాలలేదు.
డబ్బా అడుగున నారింజరంగు ముక్క,
ఏ పిల్ల గౌనుదో, అగ్గిపెట్టెంత.
తీసి ఒక మూల పెట్టింది.
జరిపింది. ఇంకాస్త జరిపింది.
అదీ.
వంటింట్లో ఒక్కతే నిలబడి
పైకే నవ్వింది,
రొట్టె మాడిన వాసన వచ్చేదాకా.

తరవాత వారాలన్నీ సూదివే.
పైగుడ్డ, దూది, అస్తరు,
మూడింటినీ దాటేటప్పుడు చిన్న 'టప్' మనే చప్పుడు;
ఆ చప్పుడు కోసమే ఇంకొక కుట్టు,
ఇంకొకటి, టీ చల్లారిపోయేంతవరకు.
పిల్లి వచ్చి సరిగ్గా కుట్టాల్సిన చోటే పడుకుంటే
దాని చుట్టూ కుట్టింది.

మన భాషలో 'అతుకుల బొంత' తిట్టు.
పొత్తు కుదరని ప్రభుత్వాన్నీ, అతకని కథనీ
ఆ మాటతోనే దులిపేస్తాం.
తిట్టేవాళ్లెవరూ
చలిరాత్రి దానికింద పడుకున్నట్టు లేరు.

రెండో బొంతలోనూ నారింజ ముక్క వచ్చింది.
మూడోదాంట్లో చంకలాంటి చోట దాక్కుంది.
"దానికి అర్థమేంటి?" అడిగాడు పశువుల డాక్టరు ఇడ్వాల్.
ఐల్వెన్ చాలాసేపు ఆలోచించింది.
"ఏమో. లేకపోతే నిద్రపట్టదు."

కుర్చీలు మడిచేవేళ
నెరిస్ ఆగిపోయింది.
వంపు మీద వేలు నడిపింది, చివరిదాకా,
ఎక్కడా ముడత తగల్లేదు.
"కొలవకుండా ఎలా కోశావు?"
ఐల్వెన్ నోరు తెరిచింది, మాట రాలేదు.
రెండు చేతులూ గాల్లోకి లేచి
లేని స్టీరింగుని పట్టుకుని
మెల్లగా ఎడమకి తిప్పాయి.
"ఇలా."

మోచేతికి అంటుకున్న నారింజ దారాన్ని
చూసుకోకుండానే వానలోకి నడిచింది.
మళ్లీ గురువారానికి
ఇంకా ఏడు రోజులు.